పదకొండు తాళాలు

నా జేబులో పదకొండు తాళాలు.
బీరువాది, కానుకల పెట్టెది, మైకు గదిది,
జనరేటరుకి ఒకటి,
దేనిదో మరిచిపోయినా పారేయడానికి చెయ్యిరానిది ఒకటి.
నడుస్తుంటే నాకంటే ముందు వెళ్ళి అవే చెబుతాయి
అయ్యగారు వస్తున్నారని.

ఆ ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి
ఓటేరి కాలువ పొంగిందని ఫోను.
లుంగీ ఎగ్గట్టి పరుగెత్తాను.
దారంతా మనసులో ఒకటే జాబితా:
ఆంప్లిఫయరు, కీబోర్డు,
ఇంకా రెండు వాయిదాలు బాకీ ఉన్న స్పీకర్లు,
రిజిస్టర్లు, ఎర్ర తివాచీ.
బల్ల మీది బైబిలు ఉందా జాబితాలో అంటే,
ఉంది, చివర్న.

మందిరం తలుపు అప్పటికే తీసి ఉంది.
పన్నెండో తాళం ఒకటుందని నాకు తెలీదు.
నాకు ముందున్న అయ్యగారు ఆమెకిచ్చి పోయారట.

లోపల చీలమండల లోతు నీళ్ళు.
ఆ నీళ్ళలో సలోమమ్మ,
కార్పొరేషన్ ఆకుపచ్చ కోటుతోనే,
చెప్పులు చంకలో పెట్టుకుని,
నిలబడి పాడుతోంది.
గొంతు బాగోదు. ఎప్పుడూ బాగోదు.
స్త్రీల కూటం పాటలప్పుడు
ఆమెను వెనక వరసలో నిలబెట్టమన్నది నేనే.

ఆరింటికి ఆమె పుళియంతోపు వీధులు ఊడవాలి.
చేతిలో చీపురు లేని ఆ గంటన్నర
ఆయనకిచ్చేసింది.
పద్దెనిమిదేళ్ళుగా ఇస్తోందట.
నేను వచ్చి తొమ్మిదేళ్ళు.
ఆరాధన పదింటికి ప్రారంభమని
బయట బోర్డు మీద రాయించింది కూడా నేనే.

"సామాను తీయాలమ్మా, ఓ చెయ్యి వెయ్యి" అన్నాను.
పాట ఆపకుండానే చెయ్యెత్తి ఆగమంది,
ట్రాఫిక్ పోలీసులాగా.
చరణం అయ్యాక అంది:
"వందనాలయ్యా. ముందు ఆయన్ని పలకరించు.
ఒకరింటికి పోయి
గడప దాటగానే గిన్నెలు లెక్కబెడతామా?"

కోపమొచ్చింది. అబద్ధమెందుకు.
వైరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.
ఒక పాటల పుస్తకం నా కాలికి తగిలి
దారి తప్పుకుని తేలిపోయింది.

నా గురించి ఒక మాట చెప్పాలి.
"అందరం కళ్ళు మూసుకుందాం" అంటాను కదా,
నేను మూసుకోను.
తలలు లెక్కపెడతాను.
నూట పన్నెండు, నూట పధ్నాలుగు,
నతానియేలు ఇంటివాళ్ళు రాలేదు, అలిగారు,
మూడో ఫ్యాను తిరగడం లేదు,
బిషపుగారు వచ్చేలోపు సున్నం వేయించాలి.
ఆమేన్ అని నా నోరంటుంది
గోడ అవతల రేడియోలాగా.
కాపరిని అనుకున్నాను.
కాపలావాణ్ణి.

వైరు వదిలేశాను.
మోకరిద్దామంటే నీళ్ళు.
మోకరించాను.
కాలువ కంపు, డీజిలు, ఎక్కడిదో అరిటి దొప్ప.
చలి తొడల దాకా పాకింది.
ఏ ప్రార్థనా గుర్తురాలేదు.
ముప్పై ఏళ్ళు ప్రసంగించిన నోటికి
"అయ్యా" అని ఒక్క మాట దొరికింది.
ఇన్నాళ్ళూ అందరూ నన్ను పిలిచిన మాట.
ఎవరిదో వాళ్ళకి తిరిగిచ్చేసినట్టయింది.

లేచి చూసేసరికి
సలోమమ్మ పనికి పోయింది.

పదింటికి జనం బెంచీల మీద
కాళ్ళు పైకి ముడుచుకుని కూచున్నారు.
మైకు లేదు. డోలకు తడిసి మూగబోయింది,
సీలాసు ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి కొట్టాడు.
కళ్ళు మూసుకుందామన్నాను.
మూసుకున్నాను.
ఆ చీకట్లో ఒక పిల్ల దగ్గు,
ఎవరిదో ఎక్కిళ్ళు పట్టిన ఏడుపు,
తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ నా లెక్కకి రానివి.

తర్వాత జెబూలూను రిజిస్టరు తెరిచాడు.
"ఇవాళ ఎంతమందండీ?"
తెలీదన్నాను.
కలం పట్టుకుని నన్ను చాలాసేపు చూశాడు.
ఆ గడి ఇప్పటికీ ఖాళీ.

ఆంప్లిఫయరు పోయింది. నాలుగువేల రెండొందలు.
కమిటీలో మాటపడ్డాను, పడాల్సిందే.
మొన్నాదివారం ప్రార్థన మధ్యలో
ఎడమ కన్ను కాస్త తెరుచుకుంది కూడా.
డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన సలోమమ్మ
ముందు వరసలో
కళ్ళు మూసుకుని చెయ్యెత్తి ఉంది.
ఆయనకే అయ్యుంటుంది.
నేను మాత్రం
గబుక్కున మూసేశాను.